బిగింపు పీడనం బాగానే వస్తున్నా దగ్గితే మూత్రం జారుతోంది: పెల్విక్ ఫ్లోర్‌లో అసలు కొలవవలసింది ఏమిటి?

ప్రశ్న: ఎంటెక్_బయోమెడికల్

అందరికీ నమస్కారం. నేను హైదరాబాదులో బయోమెడికల్ ఇంజినీరింగ్ ఎంటెక్ రెండో సంవత్సరం చదువుతున్నాను. కాన్పు తరువాత దగ్గినా, తుమ్మినా, బరువు ఎత్తినా మూత్రం జారే స్త్రీలు పెల్విక్ ఫ్లోర్ (కటి అడుగున అవయవాలను మోసే కండరాల అంతస్తు) వ్యాయామాలను ఇంట్లోనే చేసుకుంటూ, కండరాల బిగింపు ఎంత మెరుగుపడుతోందో తామే చూసుకొనేందుకు వీలుగా తక్కువ ఖర్చుతో ఒక ప్రోబ్‌ను రూపొందించడం నా ప్రాజెక్టు. నిర్మాణం సాదాగానే ఉంది. యోనిలో ఉంచే చిన్న సిలికాన్ బుడ్డి, అందులో మూసి ఉంచిన గాలి, సన్నని గొట్టం ద్వారా ఆ గాలికి కలిపిన పీజోరెసిస్టివ్ (ఒత్తిడికి విద్యుత్ నిరోధం మారే) పీడన సెన్సర్, సెకనుకు 10 రీడింగులు తీసి బ్లూటూత్ ద్వారా ఫోనుకు పంపే మైక్రోకంట్రోలర్, అంతే. సూత్రం కొత్తదేమీ కాదు. అమెరికాలో స్త్రీవైద్య నిపుణుడైన ఆర్నాల్డ్ కెగెల్ 1948లో ప్రకటించిన పెరినియోమీటర్ కూడా గాలి బుడ్డికి పీడనమాపకం తగిలించినదే.

ఎథిక్స్ కమిటీ అనుమతి వచ్చిన తరువాత, ఒక ఆసుపత్రి ఫిజియోథెరపీ విభాగం వారు తమ దగ్గరికి వచ్చే స్త్రీలలో అంగీకరించిన కొందరిపై ఈ ప్రోబ్‌ను వాడి, రీడింగులను పేర్లు లేకుండా నాకు ఇస్తున్నారు. వాటిలో మూడు విషయాలు నాకు అంతుపట్టడం లేదు. బిగింపు పీడనం బాగా వస్తున్న స్త్రీలలో కొందరికి దగ్గితే మూత్రం జారుతోంది, తక్కువ వస్తున్నవారిలో కొందరికి అసలు జారడం లేదు. ఫిజియోథెరపిస్టు వేలితో పరీక్షించి కండరం చాలా బలహీనంగా ఉందని రాసిన ఒకరిద్దరి దగ్గర నా ప్రోబ్ పెద్ద అంకె చూపిస్తోంది. ఇవి చాలవన్నట్టు, ప్రోబ్ పెట్టిన మొదటి కొన్ని నిమిషాలలో ఎవరూ ఏమీ చేయకపోయినా విశ్రాంత పీడనం మెల్లగా పైకి పాకుతోంది.

మా గైడ్ గారు ఇంకా మెరుగైన రిజల్యూషన్ ఉన్న సెన్సర్‌ను వాడమంటున్నారు. నాకు మాత్రం లోపం సెన్సర్‌లో కాక, నేను కొలుస్తున్న రాశిలోనే ఉందేమో అన్న అనుమానం కలుగుతోంది. మూత్రాన్ని ఆపుకోగలిగే సామర్థ్యానికి నిజంగా దగ్గరగా ఉండే భౌతిక రాశి ఏది? యోనిలో ఉంచే ప్రోబ్‌తో దానిని పట్టుకోవడం సాధ్యమా? యూరోడైనమిక్స్‌తోనో (మూత్రం నిలిచే, పారే తీరును పీడనాలతో కొలిచే పరీక్షలు), కండరాల మెకానిక్స్‌తోనో పరిచయం ఉన్నవారు వివరంగా రాయగలరని కోరుతున్నాను.

పీడనరేఖ

మీ అనుమానంలో చాలా వరకు నిజం ఉంది, అయితే సెన్సర్ వైపు కూడా రెండు మూడు లోపాలు కనిపిస్తున్నాయి. యూరోడైనమిక్ పరికరాల క్యాలిబ్రేషన్ నా వృత్తి కనుక ఆ వైపు నుంచి రాస్తాను.

మూత్రం ఆగడమా జారడమా అన్నది ఒక పీడనం మీద కాక, రెండు పీడనాల తేడా మీద ఆధారపడి ఉంటుంది. యురేత్రా (మూత్రాశయం నుంచి మూత్రం బయటికి వచ్చే నాళం) గోడలు ఒకదానినొకటి అదుముకొనే పీడనం మూత్రాశయం లోపలి పీడనం కంటే ఎక్కువగా ఉన్నంతసేపు చుక్క కూడా బయటికి రాదు. యురేత్రా పొడవునా ఈ తేడా అన్నిటికంటే ఎక్కువగా ఉన్న చోటి విలువను గరిష్ఠ మూత పీడనం అంటారు. సన్నని కాథెటర్ (శరీరంలోకి పెట్టే గొట్టం) గుండా ద్రవాన్ని స్థిరమైన వేగంతో పంపుతూ, దానిని నెమ్మదిగా బయటికి లాగుతూ ఈ పీడనరేఖను గీసే పద్ధతిని బ్రౌన్, వికమ్ అనే ఇద్దరు 1969లో ప్రకటించారు. మిషిగన్ విశ్వవిద్యాలయంలో జాన్ డిలాన్సీ బృందం దగ్గితే మూత్రం జారే స్త్రీలను, జారని స్త్రీలను పోల్చి 2008లో ప్రచురించిన అధ్యయనంలో ఈ మూత పీడనం సగటున మొదటి వర్గంలో 40.8, రెండో వర్గంలో 70.2 సెంటీమీటర్ల నీటి పీడనంగా తేలింది. యురేత్రాకు కింది నుంచి దొరికే ఆధారాన్ని సూచించే కొలతలేవీ ఈ రెండు వర్గాలను ఇంత స్పష్టంగా వేరు చేయలేకపోయాయి. అప్పటిదాకా చాలామంది దృష్టి ఆధారం మీదే ఉంది, ఆపరేషన్లు కూడా ఆ ఆధారాన్ని సరిచేసేవే, కాబట్టి ఈ ఫలితం తేలికగా మింగుడుపడేది కాదు.

ఇప్పుడు మీ ప్రోబ్ ఏమి చూస్తోందో ఆలోచించండి. అది యోని గోడలను చుట్టూ బిగించే లెవేటర్ యాని కండరాన్ని చూస్తోంది. యురేత్రా గోడలోనే ఉన్న చారల కండరం, నునుపు కండరం, లోపలి పొర కింద రక్తనాళాలతో నిండి మెత్తలా పనిచేసే కణజాలం, ఇవన్నీ కలిసి ఇచ్చే మూత దానికి కనిపించదు. రెండూ వేర్వేరు అవయవాల పని కనుక, లెవేటర్ బలంగా ఉండి యురేత్రా బలహీనంగా ఉన్న స్త్రీ మీ పట్టికలో ఉండడం సహజమే. మీ మొదటి చిక్కుకు సమాధానంలో సగం ఇది.

మిగతా సగం సమయానికి సంబంధించినది. దగ్గినప్పుడు పొట్టలోని పీడనం 100 సెంటీమీటర్ల నీటి పీడనాన్ని దాటిపోగలదు, అది ఒక్కసారిగా మూత్రాశయం మీద పడుతుంది. ఆ పీడనం యురేత్రా పై భాగానికి కూడా అదే క్షణంలో చేరుతుంది కనుక తేడా నిలబడుతుందని స్వీడన్‌లో ఎన్‌హోర్నింగ్ 1961లో ప్రతిపాదించాడు. అయితే స్టాన్‌ఫర్డ్‌లో కాన్‌స్టాంటినూ, గోవన్ 1982లో ఆరోగ్యవంతులైన స్త్రీలలో కొలిచి చూసినప్పుడు, దగ్గు పీడనం మూత్రాశయంలో కనిపించడానికి దాదాపు పావు సెకను ముందే యురేత్రాలో పీడనం పెరగడం మొదలైందని తేలింది. పీడనం కేవలం ప్రసరించి వచ్చేదే అయితే మూలం కంటే ముందుగా రావడం కుదరదు. అంటే దగ్గుకు ముందే నాడీవ్యవస్థ కండరాలను బిగిస్తోందన్నమాట. సెకనుకు 10 రీడింగులు తీస్తే ఆ పావు సెకనులో మీకు చిక్కేవి రెండో మూడో బిందువులు మాత్రమే, వాటితో ఏది ముందు ఏది వెనుక అన్నది తేల్చలేరు. శాంప్లింగ్‌ను 100 హెర్ట్జ్‌కు పెంచడానికి మీకు ఖర్చేమీ కాదు కనుక ఆ పని ముందు చేయండి.

శాంప్లింగ్ పెంచినంత మాత్రాన సరిపోదు, ఎందుకంటే గొట్టమూ గాలీ కలిసి ఒక ఫిల్టర్‌లా పనిచేస్తాయి. యూరోడైనమిక్స్‌లో వాడే గాలి నింపిన కాథెటర్లను ప్రయోగశాలలో పరీక్షించినప్పుడు అవి సుమారు 3 హెర్ట్జ్ పైన ఉన్న మార్పులను అణచివేస్తాయని, నీరు నింపినవి అందుకు భిన్నంగా 10 హెర్ట్జ్ దగ్గర అనునాదంతో ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తాయని తేలింది. మీ అమరికకు పాప్ పరీక్ష చేయండి. ప్రోబ్‌ను ఒక మూసిన పాత్రలో ఉంచి, పాత్ర నోటికి రబ్బరు పొర బిగించి, లోపలి పీడనాన్ని 100 సెంటీమీటర్ల దాకా పెంచి, పొరను సూదితో పగలగొట్టి, పీడనం సున్నాకు పడిపోయే తీరును నమోదు చేయండి. ఆ ఒక్క రేఖ నుంచే సహజ పౌనఃపున్యాన్నీ, అవమందనాన్నీ లెక్కకట్టవచ్చు.

విశ్రాంత పీడనం పైకి పాకడానికి కారణం దాదాపుగా ఉష్ణోగ్రతే. గదిలో 30 డిగ్రీల సెల్సియస్ వద్ద మూసిన గాలి శరీరంలో 37 డిగ్రీలకు వేడెక్కితే, ఘనపరిమాణం మారకుండా ఉన్న పక్షంలో దాని పరమ పీడనం 303 నుంచి 310కి ఉన్న నిష్పత్తిలో, అంటే 2.3 శాతం పెరుగుతుంది. వాతావరణ పీడనం సుమారు 1,033 సెంటీమీటర్ల నీటికి సమానం కనుక ఆ పెరుగుదల దాదాపు 24 సెంటీమీటర్లు. మీ బుడ్డి మెత్తనిది కాబట్టి కొంత ఉబ్బి, పెరుగుదల ఇంతకంటే తగ్గుతుంది, గొట్టంలో శరీరం బయట ఉన్న గాలి అంతగా వేడెక్కదు కూడా. అయినా విశ్రాంత పీడనం పాకడానికి ఇది చాలినంత కారణమే. ప్రోబ్ పెట్టిన తరువాత కొన్ని నిమిషాలు ఆగి సున్నా చేయండి, లేదా గాలిని వదిలేసి సెన్సర్ చిప్‌ను నేరుగా మెత్తని సిలికాన్‌లో పొదగండి.

కటిఫిజియో

నేను స్త్రీల ఆరోగ్య విభాగంలో పనిచేసే ఫిజియోథెరపిస్టును. పై సమాధానంలో మీ రెండో చిక్కు ప్రస్తావన రాలేదు కనుక అక్కడి నుంచి మొదలుపెడతాను, ఎందుకంటే మా పనిలో అన్నిటికంటే తరచుగా ఎదురయ్యేది అదే.

వేలితో చూస్తే కండరం బలహీనంగా ఉండి ప్రోబ్‌లో పెద్ద అంకె వచ్చిందంటే, ఆ స్త్రీ బిగించడానికి బదులు ముక్కుతోంది. కండరాన్ని లోపలికి, పైకి లాగమని చెబితే చాలామంది ఊపిరి బిగబట్టి కిందికి నెడతారు. పొట్టలోని పీడనం యోనిలోకి వచ్చి మీ బుడ్డిని నొక్కుతుంది, బుడ్డికి ఎవరు నొక్కారన్నది తెలియదు. బంప్ అనే వైద్యుని బృందం 1991లో ప్రచురించిన అధ్యయనంలో, 47 మంది స్త్రీలకు నోటిమాటతో మాత్రమే వ్యాయామం నేర్పినప్పుడు సగం మందే దానిని సరిగా చేయగలిగారు, నాలుగో వంతు మంది చేసిన తీరు మూత్రం జారడాన్ని ఇంకా పెంచగలిగేదిగా ఉంది. ఇంటి దగ్గర ఒంటరిగా మీ పరికరాన్ని చూసుకుంటూ సాధన చేసే స్త్రీ ఈ నాలుగో వంతులో ఉంటే, ఫోనులోని పచ్చ గీత పైకి వెళ్ళిన ప్రతిసారీ ఆమెకు తప్పుడు పని బాగా చేశావన్న మెప్పు దొరుకుతుంది. ఏమీ కొలవని పరికరం కంటే ఇది హానికరం. మీ ప్రాజెక్టులో నేను మార్చమని కోరేది ఒక్కటే అయితే, అది ఇదే.

ఈ చిక్కును తప్పించడానికి ఒకటి కంటే ఎక్కువ చోట్ల కొలవాలి. లెవేటర్ బిగింపు యోనిద్వారం నుంచి సుమారు 3.5 సెంటీమీటర్ల లోపల బాగా తెలుస్తుంది. ఇంకా లోతుగా, యోని పై కొసన ఉన్న సెన్సర్‌కు చేరేది ప్రధానంగా పొట్టలోని పీడనం. రెండో దానిలో పెద్దగా మార్పు లేకుండా మొదటిది పెరిగితే అది బిగింపు, రెండూ కలిసి పెరిగితే అది ముక్కడం. న్యూజీలాండ్‌లో ఆక్లండ్ బయోఇంజినీరింగ్ ఇన్‌స్టిట్యూట్ వారు అభివృద్ధి చేసిన ఫెమ్‌ఫిట్ అనే మెత్తని పట్టీలాంటి పరికరంలో వరుసగా ఎనిమిది పీడన సెన్సర్లు పెట్టడం వెనుక ఉన్న ఆలోచన ఇదే. మీకు ఎనిమిది అక్కరలేదు, రెండు చాలు.

బలాన్ని గురించి ఇంకొక మాట. మిషిగన్‌లోనే జానిస్ మిల్లర్, జేమ్స్ ఆష్టన్-మిల్లర్, డిలాన్సీ కలిసి 1998లో ప్రచురించిన పనిలో, తేలికపాటి సమస్య ఉన్న వృద్ధ స్త్రీలకు దగ్గుకు సరిగ్గా ముందు కండరాన్ని బిగించి, దగ్గు అయ్యేదాకా వదలకుండా ఉంచడం నేర్పారు. ఒక్క వారంలోనే, మోస్తరు దగ్గుకు జారే మూత్రం సగటున 98.2 శాతం, గట్టి దగ్గుకు జారేది 73.3 శాతం తగ్గింది. వారం రోజులలో కండరం లావెక్కదు, బలమూ అంతగా పెరగదు. మారినది బిగించే వేళ. పై సమాధానంలోని పావు సెకను సంగతికి ఇది చికిత్స వైపు నుంచి దొరికే రుజువు. కాబట్టి గరిష్ఠ బిగింపు ఎంత అన్నదానితో పాటు, దగ్గు పీడనం లేవడానికి ఎంత ముందుగా బిగింపు మొదలైంది అన్నది మీ పరికరం చూపగలిగితే, మాలాంటి వారికి అది నిజంగా పనికొస్తుంది.

ఇంకొక జాగ్రత్త. మూత్రానికి వెళ్ళాలన్న తొందర ఒక్కసారిగా వచ్చి, గదిలోకి చేరేలోపే జారిపోయే స్త్రీల సమస్య వేరు, అక్కడ మూత్రాశయ కండరం అదుపు తప్పడం ముఖ్యం. మీ పట్టికలో ఈ రెండు రకాల వారూ కలిసి ఉంటే ఏ కొలతా సరిపోలదు. మూత్రం జారుతోందని చెప్పడానికే సంవత్సరాలు ఆలస్యం చేసే మన స్త్రీలు, అది ఎలా జారుతోందో తమంతట తాము విడమరచి చెప్పరు. అడగవలసిన బాధ్యత మనది.

మృదుకణజాలం

నేను మెత్తని కణజాలాల కంప్యూటర్ నమూనాల మీద పనిచేస్తాను. పీడనం గురించి ఇద్దరూ బాగా రాశారు. నేను ఆకారాన్ని, బిరుసుదనాన్ని గురించి రాస్తాను, ఎందుకంటే ఆధారం ముఖ్యం కాదన్న భావన పైనున్న మొదటి సమాధానం నుంచి కలిగే అవకాశం ఉంది.

డిలాన్సీయే 1994లో ప్రతిపాదించిన ఊయల సిద్ధాంతం ప్రకారం, యురేత్రా యోని ముందు గోడ, దాని చుట్టూ ఉన్న పొరలు కలిసి పరిచిన ఒక పక్క మీద పడుకొని ఉంటుంది, ఆ పక్క అంచులు లెవేటర్ కండరానికి కలిసి ఉంటాయి. పైనుంచి పీడనం పడినప్పుడు యురేత్రా ఆ పక్కకు అదుముకొని మూసుకుంటుంది. నీళ్ల రబ్బరు పైపును గచ్చు మీద పెట్టి తొక్కితే నీరు ఆగుతుంది, బురదలో పెట్టి తొక్కితే పైపు లోపలికి దిగిపోతుందే తప్ప నీరు ఆగదు. ఇక్కడ నిర్ణయించే రాశి పీడనం కాదు, కింది పొర బిరుసుదనం. దానిని నేరుగా కొలవడం కష్టం కనుక, పెరినియం (యోనికి, మలద్వారానికి మధ్య భాగం) మీద నుంచి తీసే అల్ట్రాసౌండ్‌లో దగ్గినప్పుడు మూత్రాశయ కంఠం ఎంత కిందికి వస్తుందో చూసి అంచనా కడతారు. షియర్ వేవ్ ఎలాస్టోగ్రఫీలో కణజాలం గుండా అడ్డతరంగం పోయే వేగాన్ని కొలుస్తారు. వేగం వర్గాన్ని సాంద్రతతోనూ, 3తోనూ గుణిస్తే బిరుసుదనాన్ని చెప్పే యంగ్ గుణకం వస్తుందన్న సూత్రం కణజాలం అన్ని దిశలలోనూ ఒకేలా ఉంటుందని అనుకొని రాసినది. కండరం పోగుల దిశలో ఒక రకంగా, అడ్డంగా మరో రకంగా ఉంటుంది కనుక, ఈ యంత్రం ఇచ్చే కిలోపాస్కళ్లను పోల్చుకోవడానికి మాత్రమే వాడడం మంచిది.

నమూనాలు ఎక్కువ పనికివచ్చిన చోటు ప్రసవ గాయాల అధ్యయనం. లీన్, ఆష్టన్-మిల్లర్, డిలాన్సీ బృందం ఒక స్త్రీ ఎంఆర్ఐ చిత్రాల నుంచి లెవేటర్ కండర పట్టీల త్రిమితీయ నమూనా కట్టి, దాని గుండా శిశువు తల దిగే తీరును అనుకరించి 2004లో ప్రచురించింది. లోపలి అంచున ఉండే ప్యూబోకాక్సీజియస్ పట్టీ తన మామూలు పొడవుకు 3.26 రెట్లు సాగవలసి వస్తుందని తేలింది. చేతులు, కాళ్లలోని కండరాలు గాయపడకుండా సాగగలిగే హద్దు సుమారు 1.5 రెట్లు. మరుసటి సంవత్సరం అదే బృందం పెల్విక్ ఫ్లోర్‌కు వెళ్ళే ప్యూడెండల్ నాడి శాఖలను చూసినప్పుడు, మలద్వారం చుట్టూ ఉండే కండరానికి వెళ్ళే శాఖ 35 శాతం దాకా సాగవలసి వచ్చింది. ఈ లెక్క ప్రకారం ప్రతి కాన్పులోనూ కండరం తెగిపోవాలి, అలా జరగడం లేదు. ఎందుకు జరగడం లేదన్న ప్రశ్నే ఆ నమూనా చేసిన మేలు. కాలిఫోర్నియాలో మరియానా ఆల్పెరిన్ బృందం గర్భంతో ఉన్న ఎలుకలను పరిశీలించి, వాటి పెల్విక్ ఫ్లోర్ కండర పోగులలో వరుసగా కొత్త సార్కోమియర్లు (కండర పోగులో ముడుచుకొనే చిన్న భాగాలు) చేరి పోగు పొడవు పెరుగుతుందని చూపింది. అంటే కండరం కాన్పుకు ముందే సాగుబాటు కోసం సిద్ధమవుతోంది.

తట్టుకోలేక కండరం జఘనాస్థి నుంచి ఊడిపోయిన సందర్భాలలో దాని ఫలితం మూత్రం జారడంలో కంటే గర్భసంచి, యోని గోడలు కిందికి జారడంలో ఎక్కువగా కనిపిస్తుంది. 2007 నాటి మిషిగన్ అధ్యయనంలో అవయవాలు అలా జారిన స్త్రీలలో 55 శాతం మందికి పెద్ద లెవేటర్ లోపం ఉంది, జారనివారిలో అది సుమారు 16 శాతం. బిగించినప్పుడు యోనిని మూసే బలం మొదటి వర్గంలో 2.0 న్యూటన్లు, రెండో వర్గంలో 3.2 న్యూటన్లు. ఆ కొలత తీసింది బుడ్డితో కాదు, ముందు వెనుక దిశలో మాత్రమే బలాన్ని గ్రహించే స్పెక్యులమ్‌తో (యోనిలో పెట్టే రెండు రేకుల సాధనం). దిశ ఉన్న బలాన్ని కొలిస్తే పొట్టలోని పీడనం కలుషితం చేసే అవకాశం కొంత తగ్గుతుంది, కనుక మీరు ఆ దారి కూడా ఆలోచించవచ్చు.

మీరు పాశ్చాత్య అధ్యయనాల అంకెలను హైదరాబాదు రోగులకు అన్వయించే ముందు ఒక తేడా గుర్తుంచుకోవాలి. 2019-21లో జరిగిన ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం ప్రసవాలు సిజేరియన్లు. లెవేటర్ ఊడిపోవడం సహజ ప్రసవంలో కలిగే గాయం. కాబట్టి మీ పట్టికలోని స్త్రీలలో గణనీయమైన భాగానికి ఆ గాయం లేకుండానే మూత్రం జారుతూ ఉండవచ్చు. ప్రతి రీడింగు పక్కన కాన్పు ఎలా జరిగిందో రాయించుకోకపోతే రెండు వేర్వేరు యాంత్రిక కారణాలను ఒకే సగటులో కలిపేస్తారు.

కింది_మలుపు

ప్రశ్న మూత్రం గురించే అయినా, అదే కండరాల అంతస్తులో వెనుక భాగం పరిశోధన ఒక అడుగు ముందుంది కనుక క్లుప్తంగా చెబుతాను. పురీషనాళం, మలద్వార నాళం కలిసే చోట ప్యూబోరెక్టాలిస్ కండరం వెనుక నుంచి ఉచ్చులా లాగి పట్టుకొని ఒక కోణాన్ని నిలుపుతుంది. జపాన్‌లో సకకిబారా బృందం 2010లో ప్రచురించిన చిన్న అధ్యయనంలో విసర్జన వేళ ఈ కోణం కుర్చీలాంటి దొడ్డిపీట మీద కూర్చున్నప్పుడు సుమారు 100 డిగ్రీలు, గొంతుక్కూర్చున్నప్పుడు 126 డిగ్రీలు ఉంది. భంగిమ మారితే యాంత్రిక వ్యవస్థే మారుతుందన్నమాట. మీ రీడింగులన్నీ పడుకోబెట్టి తీసినవే అయితే, నిలబడి దగ్గే స్త్రీ గురించి అవి ఎంత చెప్పగలవో ఆలోచించండి.

హాన్స్ గ్రెగర్సన్ బృందం రూపొందించిన ఫెకోబయోనిక్స్ అనే పరికరం సుమారు 10 సెంటీమీటర్ల పొడవున్న, వంగగలిగే కృత్రిమ మలం. దాని రెండు కొసలలోనూ పీడన సెన్సర్లు ఉంటాయి, వంపు కోణాన్ని కూడా అది నమోదు చేస్తుంది. కాథెటర్ గుచ్చి కదలకుండా పడుకోబెట్టడానికి బదులు, జరగవలసిన పని జరుగుతుండగానే కొలవడం అందులోని తెలివి. మూత్రం వైపు అలాంటి ఆలోచన రావలసి ఉంది.

ఎంటెక్_బయోమెడికల్

అందరికీ కృతజ్ఞతలు. గాలి బుడ్డిని వదిలి, రెండు చిప్‌లను 3.5 సెంటీమీటర్ల వద్ద ఒకటి, లోతుగా మరొకటి సిలికాన్‌లో పొదిగి, 100 హెర్ట్జ్ వద్ద నమోదు చేయాలని నిర్ణయించుకున్నాను. కటిఫిజియో గారు చెప్పిన విధంగా రెండూ కలిసి పెరిగితే ఫోనులో అంకెకు బదులు ఊపిరి వదలమని సందేశం వస్తుంది. మిగిలిన సందేహం ఒకటి. నిలబెట్టి కొలిస్తే రెండు సెన్సర్ల సున్నాను ఎక్కడ పెట్టుకోవాలి? ఒకదాని నుంచి ఒకటి తీసివేస్తే వచ్చేది మూత పీడనమే అనుకోవచ్చా?

పీడనరేఖ

రెండో ప్రశ్నకు ముందు జవాబు: అనుకోకూడదు. యూరోడైనమిక్స్‌లో డెట్రూసర్ (మూత్రాశయ కండరం) పీడనం కోసం మూత్రాశయ పీడనం నుంచి పొట్ట పీడనాన్ని తీసివేస్తాం, అక్కడ రెండు కాథెటర్లూ ద్రవంలాంటి పరిసరంలో ఉంటాయి. మీ లెవేటర్ సెన్సర్ మీద పడేది గోడ ఒత్తిడి, అది ప్రోబ్ వ్యాసాన్ని బట్టి మారుతుంది, ఎందుకంటే కండరం ఎంత సాగి ఉంటే దాని బలం అంత మారుతుంది. అందుకే ఒక కంపెనీ ప్రోబ్ అంకెను మరో కంపెనీ ప్రోబ్ అంకెతో పోల్చకూడదు. మీ తేడా బిగింపుకు సూచిక మాత్రమే, దానికి ఆ పేరే పెట్టండి.

సున్నా విషయంలో, ఇంటర్నేషనల్ కాంటినెన్స్ సొసైటీ పద్ధతి ప్రకారం నీటి కాథెటర్లకు వాతావరణ పీడనాన్ని సున్నాగా తీసుకొని, ట్రాన్స్‌డ్యూసర్‌ను జఘనాస్థి సంధి పై అంచు ఎత్తులో ఉంచుతారు. ఆ పద్ధతిలో పొట్ట పీడనం పడుకున్నప్పుడు 5 నుంచి 20, కూర్చున్నప్పుడు 15 నుంచి 40, నిలబడినప్పుడు 30 నుంచి 50 సెంటీమీటర్ల నీటి పీడనంగా ఉండాలి. మీ చిప్‌లు శరీరంలోనే ఉంటాయి కనుక ఎత్తును సరిచేయడానికి వీలు లేదు. రెండింటి మధ్య నిలువు దూరం నిలబడినప్పుడు ఎన్ని సెంటీమీటర్లు ఉంటే అంత నీటి పీడనం తేడా ఊరికే వస్తుంది, పడుకున్నప్పుడు అది దాదాపు మాయమవుతుంది. కాబట్టి పెట్టక ముందు గాలిలో ఒకసారి సున్నా చేసి, తరువాత ప్రతి భంగిమలోనూ విశ్రాంత విలువను విడిగా నమోదు చేసి, దగ్గు ఎత్తును ఆ భంగిమ విశ్రాంత విలువ నుంచే లెక్కించండి. ప్రతి నమోదుకు ముందు ఒకసారి తేలికగా దగ్గించండి. రెండు రేఖలలో ఏదైనా లేవకపోతే ఆ చిప్ జారిపోయినట్టు.

మూసేందుకు ఎంత పీడనం కావాలన్న ప్రశ్న మీకు ఎలాగూ వస్తుంది కనుక ఇది కూడా చూడండి. పురుషులలో ప్రోస్టేట్ ఆపరేషన్ తరువాత మూత్రం ఆగనప్పుడు పెట్టే ఏఎంఎస్ 800 అనే కృత్రిమ స్పింక్టర్‌లో (నాళాన్ని చుట్టూ బిగించి మూసే సాధనం) యురేత్రా చుట్టూ ఉండే పట్టీని నడిపే బెలూన్ పీడనంగా సాధారణంగా ఎంచుకొనేది 61 నుంచి 70 సెంటీమీటర్ల నీటి పీడనం. దగ్గు 100 దాటుతుంది గదా, ఇది ఎలా ఆపుతుంది అనిపిస్తుంది. బెలూన్‌ను పొట్టలో, మూత్రాశయం పక్కన పెడతారు. దగ్గు పీడనం మూత్రాశయం మీద పడే క్షణంలోనే బెలూన్ మీదా పడి, ద్రవం గుండా పట్టీకి చేరుతుంది. బెలూన్ పీడనాన్ని ఇంకా పెంచితే యురేత్రా గోడకు రక్తం అందక కణజాలం క్షీణిస్తుంది. మీ ప్రోబ్‌కు బయట సిలికాన్ గొట్టంతో, నీటి సిరంజితో ఇలాంటి ఒక అమరిక కట్టుకొని, మూత్రాశయానికి ఒక గది, పొట్టకు ఒక గది పెట్టి, కృత్రిమ దగ్గు ఇచ్చి చూడండి. చిప్‌లను మనుషుల మీద వాడకముందే రెండు రేఖల మధ్య కాలవ్యవధిని మీ పరికరం ఎంత ఖచ్చితంగా చెబుతోందో తెలుస్తుంది.